కొండదారిలో అడుగు జారకుండుటకు

కాలినడకను కొండలకు యాత్ర వెడలుట మన స్త్రీలకు క్రొత్త గాదు. తిరుమలకు అలిపిరి మార్గమున 3,550 మెట్లును, శ్రీవారి మెట్టు మార్గమున 2,388 మెట్లును గలవు. చంకను బిడ్డతో, చేత సంచితో, మెట్టు మెట్టునకు పసుపుకుంకుమలు పెట్టుచు వాని నెక్కు తల్లులను మనమందఱము చూచియే యున్నాము. శివరాత్రికిని ఉగాదికిని నల్లమల యడవిగుండ శ్రీశైలమునకు నడచిపోవువారిలోను స్త్రీ లనేకు లుందురు. కన్నడదేశపు భక్తులు భ్రమరాంబను తమ యింటి యాడపడుచుగా నెంచి వందలకొలది కిలోమీటర్లు నడచి వచ్చుచుందురు.

ఈ కొండలకు మెట్లు కట్టించిన పుణ్యాత్ములను చరిత్రము మఱవలేదు. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. ఆ శతాబ్దపు చివరనే రెండవ హరిహరరాయల దేవేరి విఠలాంబ శ్రీశైలమున పాతాళగంగకు దిగుటకు మెట్లు కట్టించినది. ఎక్కువారికే గాక దిగువారికిని మెట్టు వలయునని యా రాణికి దోచినది. మనకు తఱచుగ దోచనిది అదియే. యాత్ర యనగా ఎక్కుట యనుకొందుము. ఎక్కునపుడు ఆయాసపడుదుము, దేవుని దలచుకొందుము, జాగ్రత్తగనే యుందుము. పడుట మాత్రము చాలవఱకు దిగునప్పుడే సంభవించును. ఈ సంగతిని నేను పుస్తకములు చదివి తెలిసికొనలేదు. మా వదినెగారి కుడిచేయి నాకు నేర్పినది.

2018వ సంవత్సరమున శివరాత్రికి మేము తొమ్మండుగురము ఆత్మకూరు దాపున నున్న వెంకటాపురమునుండి నడక మొదలిడితిమి. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారము మీదుగా పోవు దారి పూర్వమునుండియు యాత్రికులు నడచునదియే. మావారు ఉపాధ్యాయులు. బడిలో గంట కొట్టించినట్లే నడకకును వేళ లేర్పఱచిరి. ఫలాని వేళకు ఫలాని చోటు చేరవలెను, అంతవఱకు నిలువరాదు. పురుషులు నలుగురు ముందు, మేమైదుగురము వెనుక. వారి చేతులు ఖాళీ. మా చేతులలో సంచులు, భుజములపై మూటలు. ఇది ఎవ్వరు నిర్ణయించినదియు గాదు. ఇంట నెట్లో అడవిలోను అట్లే జరిగినది.

మొదటి దినము సుఖముగనే గడచినది. రెండవనాడు మధ్యాహ్నము దాటిన పిమ్మట భీముని కొలను లోయలోనికి దిగవలసి వచ్చెను. మాఘమాసపు నల్లమల చూచినవారికి తెలియును. చెట్లు ఆకు రాల్చి, దారియంతయు ఎండుటాకు పఱచినట్లుండును. ఆకు క్రింద గుండ్రని గులకఱాళ్ళు. మా వదినె, అనగా మావారి యక్కగారు, అప్పటికి ఏబదిరెండేండ్ల మనిషి, నా ముందు నడచుచుండెను. ఆకులపై మోపిన కాలు ముందునకు జాఱినది. ఆమె వెనుకకు ఒరిగి, కుడిచేతిని నేల కానించినది. మూట వీపుననుండి ప్రక్కకు లాగినది. చేతి గాజులన్నియు ఒక్కమారు భళ్ళున పగిలినవి. ఆ చప్పుడు నాకు నేటికిని వినబడుచునే యున్నది.

మణికట్టు విఱిగినది. పగిలిన గాజుముక్కలు ముంజేతిలో దిగినవి. ముందు పోయినవారిని కేకవేసి పిలుచుటకు కొంతసేపు పట్టినది. వారు మలుపు దాటి యుండిరి. ఫోను చేయుదమన్న అడవిలో అందలేదు. తువ్వాలుతో చేతిని కట్టి, మెడనుండి చీరచెఱగుతో వ్రేలాడదీసి, ఆమెను నడుమ నుంచుకొని మెల్లగా లోయ దిగి, ఆవలి నిట్టమెట్లెక్కి కైలాసద్వారము చేరునప్పటికి చీకటి పడినది. యాత్రాకాలపు వైద్యశిబిరమున చేతికి బద్ద కట్టిరి. పిమ్మట ఆఱువారములు సిమెంటు కట్టు. ఎముక అతికినది గాని కొంచెము వంకరగా నతికినది. మా వదినె నేటికిని తడిబట్ట పిండలేదు. కవ్వము చిలుకలేదు.

ఆ రాత్రి సత్రములో ఆమె ప్రక్కను పండుకొని యడిగితిని: “వదినా, కాలు తడబడుచున్నదని ముందే తెలియలేదా?” ఆమె చెప్పిన మాట యిది: “తెలియకేమే! పొద్దుననుండి తొడలు వణకుచునే యున్నవి. ఒకటి రెండుమార్లు ఱాయి తట్టుకొన్నాను. తమ్ముడు అప్పటికే రెండుసార్లు వెనుదిరిగి చూచినాడు. నావల్ల అందఱికీ ఆలస్యమని నోరు మెదపలేదు. నీళ్ళు తాగితే మళ్ళీ చాటు వెదకవలె గదా అని నీళ్ళును తాగలేదు.”

ఆ మాట విన్నప్పటినుండి నా కొకటి స్థిరపడినది. మా వదినె ఆకులపై పడలేదు. అంతకు గంట ముందే, ఆగుడని నోట రానప్పుడే పడినది. ఆకులును గులకఱాళ్ళును దానిని ముగించినవి, అంతియే. దూరపు నడకలో అడుగు జాఱకుండుటకు చెప్పవలసినవి పెక్కు గలవు. వానిని క్రింద వ్రాయుచున్నాను. కాని వాని కన్నిటికిని మూలము ఇదియే: అలసినవారు అలసితిమని చెప్పవలెను, తక్కినవారు నిలువవలెను.

దిగుటలో అపాయ మేల ఎక్కువయో మొదట తెలిసికొందము. ఎక్కునపుడు తొడ ముందరి కండ కుదించుకొని శరీరమును పైకి లేపును. దిగునపుడు అదే కండ సాగుచు, మన బరువు ఒక్కుమ్మడి క్రిందికి బోకుండ పట్టి నిలుపవలెను. సాగుచు పనిచేయుట కండకు గాసి. అందుచేతనే ఎక్కిననాడు ఆయాసమేగాని నొప్పి యంతగా నుండదు. దిగిన మఱునాడో మూడవనాడో తొడలు పట్టుకొని పీట మీద కూర్చుండుటకైన కష్టపడుదుము. వైద్యశాస్త్రజ్ఞులు కృత్రిమపు మోకాలి కీళ్ళలో సూక్ష్మయంత్రము లమర్చి అందుపై పడు భారమును కొలిచిరి. సమతలమున నడచునపుడు శరీరపు బరువునకు ఇంచుమించు రెండున్నర రెట్లును, మెట్లు దిగునపుడు ఇంచుమించు మూడున్నర రెట్లును కీలుపై పడుచున్నదని తేలినది. అనగా 60 కిలోల బరువుగల స్త్రీ మెట్టు దిగినప్పుడెల్ల ఆమె మోకాలు 200 కిలోలకు మించిన భారము మోయుచున్నదన్నమాట. వీపున మూట యున్నచో అదియు దీనితో పాటు పెరుగును. ఇట్లు గంటలకొలది మోసిన తొడకు పట్టు తప్పును. కాలు మన మనుకొన్నచోట బడదు. కావున పడుట నడక మొదట గాదు, దినపు చివరిజామున, గమ్యము కనబడుచుండగా జరుగుచుండును.

దీనికి విరుగుడు ఇంటనే కలదు. యాత్రకు నెలదినముల ముందునుండి వారమునకు మూడు నాలుగు మారులు మెట్లు ఎక్కి దిగుట యలవాటు చేసికొనవలెను. డాబా యింటి మెట్లయినను చాలును. ఎక్కుటకంటె దిగుటయందు శ్రద్ధ యుంచవలెను. మెల్లగా, అడుగు చప్పుడు కాకుండ దిగవలెను. ఒక్కమారు దిగుడు నడచి నొప్పి తిన్న కండ, కొన్నివారములవఱకు మఱల అంత నొచ్చుకొనదు. కావున యాత్రకు పది పదునైదు దినముల ముందు ఊరి చెంత నున్న గుట్టను ఒక్కపర్యాయ మెక్కి దిగుట మేలు. పొయ్యిమీది పాలు పొంగువఱకు ఒంటికాలిపై నిలుచుట, తరువాత కాలు మార్చుట, అలవాటు చేసికొన్నచో తూకము కుదురును. తూలిపడకుండ గోడకు దగ్గఱగా, పొయ్యికి దూరముగా నిలువవలెను. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు గుల్లబాఱు స్వభావము కలదు గనుక చిన్న పాటునకే మణికట్టు, తుంటి, వెన్నుపూస విఱుగవచ్చును. వారీ యభ్యాసమును మఱింత శ్రద్ధతో చేయవలెను. రాగులు, పాలు, ఎండపొడ మఱవరాదు. మోకాలి నొప్పి గాని తల తిరుగుట గాని యున్నవారు ముందుగా వైద్యుని కనుపించుకొనవలెను.

ఇక పాదరక్షల మాట. చెప్పులు లేక నడచుట చాలమందికి మ్రొక్కు. మ్రొక్కును కాదనుటకు నే నెవ్వతెను? కాని భారతము ఆనుశాసనిక పర్వమున ఒక కథ కలదు. జమదగ్నిమహర్షి వినోదార్థము బాణములు వేయుచుండ రేణుకాదేవి వానిని ఏఱితెచ్చి యిచ్చుచుండెను. జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్న మగుటచే ఆమె తల మాడినది, అరికాళ్ళు కాలినవి; ఒక చెట్టునీడను క్షణకాలము నిలిచినది. ఏల యాలస్యమయ్యెనని మహర్షి కోపింపగా ఆమె యున్నదున్నట్లు చెప్పెను. మహర్షి అపుడు ఆమెపై గాక సూర్యునిపై విల్లెక్కుపెట్టగా, ఆయన దిగివచ్చి గొడుగును పాదరక్షలను ప్రసాదించెను. లోకములో చెప్పులు పుట్టినది ఒక యిల్లాలి యరికాళ్ళు కాలుటచేత నన్నమాట. అంతకంటె ముఖ్యము, ఆమె నీడను నిలుచుటయు, నిలిచిన కారణమును చెప్పుటయు. మా వదినె చేయలేకపోయినది ఆ రెండే.

కావున శక్తిగలవారు ఆలయసమీపమున వట్టికాళ్ళతో నడచి, అడవిదారిలో కాలికి రక్ష యుంచుకొనుట యుక్తమని నా మనవి. మధుమేహమున్నవారు మాత్రము ఎట్టి పరిస్థితిలోను వట్టికాళ్ళతో నడువరాదు. వారి పాదమునకు స్పర్శ తగ్గియుండును గనుక ముల్లు గ్రుచ్చుకొన్నను, బండ కాల్చినను తెలియదు. బూట్లు అడుగున గాట్లు గలవై, మడమను కదలనీయనివై యుండవలెను. ముందు బొటనవ్రేలి వెడల్పు చోటుండవలెను. లేనిచో దిగునపుడు వ్రేళ్ళు కొనకు కొట్టుకొని గోళ్ళు నల్లబడును. గోళ్ళను యాత్రకు రెండుదినముల ముందే తిన్నగా కత్తిరించుకొనవలెను. క్రొత్తబూట్లతో యాత్ర మొదలిడరాదు. నెలదినములైన ఇంటిపనులలో తొడిగి అలవాటు పడవలెను. పాదమున మంట తోచగానే నిలిచి చూచి, ఎఱ్ఱబడినచోట మెత్తని పట్టీ వేసినచో పొక్కు రాదు. పొక్కువచ్చినపిదప మనము కాలు వంకరగా మోపుదుము. వంకరగా మోపిన కాలు జాఱును.

కట్టుబట్ట సంగతి స్త్రీలకు ముఖ్యము. చీర కుచ్చెళ్ళు నేలకు తగులుచున్నచో దిగునపుడు వెనుకకాలు చెఱగును త్రొక్కును. చీర కట్టువారు చీలమండకు పైగా ఎత్తికట్టి, కుచ్చెళ్ళు నడుమున గట్టిగా దోపుకొనవలెను. పంజాబీదుస్తులు అలవాటైనవారికి అవి సుఖము. చున్నీ మాత్రము ప్రక్కగా ముడివేసికొనవలెను. చేతసంచియు, చంకమూటయు పనికిరావు. అవి పాదమును కనబడనీయవు, పడబోవునపుడు చేయి ఆడనీయవు. రెండు భుజములకు తగిలించుకొను సంచిలో బరువును సమముగా సర్ది, నడుముపట్టీ బిగించుకొనవలెను. మూట తక్కువైనకొలది మోకాలికి మేలు. సామానులను పురుషులును స్త్రీలును సమముగ పంచుకొనవలెను. దీనిని బయలుదేఱుటకు ముందే, ఇంటివద్దనే, తూకము వేసి పంచుకొన్నచో దారిలో మాట పట్టింపు లుండవు.

గాజుల మాట వ్రాయుటకు చాల తటపటాయించితిని. ముత్తైదువ చేతులు బోసిగా నుండరాదని మనకు పట్టుదల. కాని పగిలిన గాజు కండలో దిగినప్పుడు కలుగు బాధను నేను చూచితిని. యాత్రలో మట్టిగాజులను తీసి, ఒక్కొక్క సన్నని లోహపు గాజును గాని, పసుపుదారమును గాని కట్టుకొనవచ్చును. ఇట్లు చేసినచో సౌభాగ్యమునకు లోప మేమియు లేదని మా యత్తగారే చెప్పిరి. అంతకంటె పెద్ద ప్రమాణము నాకు లేదు. మెట్టెలు బిగువుగా నున్నచో పాదము వాచి వ్రేలిని కోయును, వదులువి మార్చుకొనవలెను. ఒకవేళ పడి చేతికి దెబ్బ తగిలినచో, వాపు రాకముందే ఉంగరమును, గాజులను తీసివేయవలెను. ఆలస్యమైన పిదప కోయక తప్పదు.

చేతికఱ్ఱ ముదుసలులకే యని మన స్త్రీలు సిగ్గుపడుదురు. 2023వ సంవత్సరమున అలిపిరి మార్గమున ఒక పసిబిడ్డ చిరుతవాత బడిన పిమ్మట దేవస్థానమువారు నడచిపోవువారికి కఱ్ఱలు ఇప్పించిరి. మృగభయముచే వచ్చినను కఱ్ఱ మోకాలికిని మిత్రమే. కఱ్ఱ నేలను నిలిపినపుడు మోచేయి లంబముగా వంగియుండునంత పొడ వుండవలెను. దిగునపుడు కొంచెము పొడవు ఎక్కువైనను మంచిదే. ముందు కఱ్ఱ, తరువాత కాలు: ఇదియే క్రమము. ఇప్పుడు అంగళ్ళలో దొరకు తేలిక కఱ్ఱలు రెండు చేతులకు రెండున్నచో మఱింత సుఖము. వాని పట్టీలను మణికట్టునకు చుట్టుకొనరాదు. కఱ్ఱ ఱాళ్ళసందున ఇరుకుకొన్నచో చేతిని లాగివేయును.

దిగునపుడు నడుచు తీరును నాకు నేర్పినది పెద్దచెరువు చెంత కనిపించిన ఒక చెంచుముదుసలి. తేనెబుడ్డితో ఎదురు వచ్చుచు మా నడక చూచి నవ్వి, “దబదబ దిగొద్దమ్మా! మోకాలు వంచు, చిన్నడుగు వెయ్యి. కాలు ఆనినాక బరువు వెయ్యి” అని చెప్పి పోయినది. ఆనాడు మేము నవ్వుకొని సాగిపోతిమి. మఱికొన్ని గంటలకే ఆ మాట విలువ తెలిసినది. వాలున వెనుకకు ఒరుగుట మన సహజము. కాని వెనుకకు ఒరిగినకొలది మడమపైననే బరువు నిలిచి కాలు ముందునకు జాఱును. మోకాలు కొంచెము వంచి, పాదమంతయు నేలకానించి, బరువును ఆ పాదముపైకి తెచ్చిన పిమ్మటనే రెండవకాలు ఎత్తవలెను. మఱీ నిట్టగా నున్నచోట ప్రక్కవాటుగా దిగవలెను. ఎండుటాకుల క్రింద ఏమున్నదో కఱ్ఱతో తడవి చూడవలెను. వేళ్ళను, తడిసిన బండను, పాచిని త్రొక్కరాదు. ఏండ్లతరబడి పాదములచే నునుపైన మెట్టునకు నడుమకంటె అంచు చెంత గరుకెక్కువ. పరిసరములు చూడవలెనన్న నిలిచి చూడవలెను, నడచుచు చూడరాదు. ఫోనులో పటము తీయుటకును, మాటలాడుటకును ఇదియే నియమము. చీకటి పడకముందే దినపు నడక ముగించుట ఉత్తమము. తప్పనిచో నుదుటికి కట్టుకొను దీపము మేలు, చేతులు ఖాళీగా నుండును.

తిండి నీళ్ళ విషయమున స్త్రీలు తమకు తామే యపకారము చేసికొందురు. అందఱకును పెట్టి, మిగిలినది నిలుచుండి తిని, నడక సాగింతురు. చాటు దొరకదని నీళ్ళు మానుదురు. నీరు తగ్గిన దేహమునకు తల తిరుగును, కండ పట్టును, చూపు నిలువదు. అట్టి స్థితిలో దిగుట ప్రమాదము. గంట గంటకు కొంచెము కొంచెముగా త్రాగవలెను. లీటరు మంచినీటిలో ఆఱు తల చెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును కలిపికొన్నచో చెమటలో పోయినది తిరిగి చేరును. ఉప్పు ఇంతకు మించరాదు. వేయించిన వేరుసెనగలు, బెల్లము, అటుకులు, ఖర్జూరములు కొంగున నుంచుకొని నడుమ నడుమ తినవలెను. ఉపవాసదీక్షయున్నవారు నిట్టదిగుడు నడకను ఉపవాసపుదినమున పెట్టుకొనకుండుట మేలు. చాటు వెదకుట గుంపులోని స్త్రీలందఱు కలిసి చేయవలసిన పని. ఇద్దఱు కావలి నిలిచి, ఒకరు వెళ్ళి వచ్చుట. దానికి నిలుచు సమయమును ముందే లెక్కలో చేర్చుకొనవలెను. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఇంత జేసినను ఒకప్పుడు పాటు తప్పదు. పడినవారిని చేయిపట్టి వెంటనే లేపరాదు. ఊపిరి తిరుగువఱకు కూర్చుండనిచ్చి తల, మెడ, వెన్ను నొచ్చుచున్నవా యని యడుగవలెను. మెడ గాని వెన్ను గాని నొచ్చుచున్నచో, కాలుసేతులు తిమ్మిరెక్కినచో, కదలింపక సాయము పిలువవలెను. తలకు దెబ్బతగిలి వాంతి యైనను, మాట తడబడినను, మగత క్రమ్మినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను. చీలమండ బెణికినచో కూర్చుండబెట్టి, తడిగుడ్డ చుట్టి, సాగుపట్టీని వ్రేళ్ళనుండి పైకి మరీ బిగువు గాకుండ కట్టి, కాలు ఎత్తుగా నుంచవలెను. మొదటి రెండుదినములు వేడికాపడము గాని, నూనెమర్దన గాని కూడదు. నాలుగడుగులైన వేయలేకున్నను, ఎముకపై వ్రేలుంచగా ప్రాణము పోవునట్లున్నను, విఱిగినదనియే యెంచవలెను. విఱిగిన చేతిని లాగి సరిచేయబూనరాదు. ఉన్నదున్నట్లు మడిచిన పత్రికనో, దళసరి అట్టనో క్రిందనుంచి తువ్వాలుతో కట్టి మెడకు వ్రేలాడదీయవలెను. ఫోను అందుచోటికి చేరినతోడనే 108కి చెప్పవలెను. గుంపులో నొకరైన ముందే ఈ సంగతులు తెలిసికొని, పట్టీలు, గుడ్డలు, మందులు ఒక చిన్నసంచిలో నుంచుకొనవలెను.

భారతమున పాండవుల నడకలు రెండు కలవు. గంధమాదనపర్వత మెక్కునపుడు గాలివాన వెలిసిన పిమ్మట ద్రౌపది సొమ్మసిల్లి పడబోయెను. నకులుడు పరుగెత్తి పట్టుకొనెను. ధర్మరాజు ఒడిలో నుంచుకొనెను. కవలలు ఆమె పాదము లొత్తిరి. పిదప ఘటోత్కచుని రప్పించి ఆమెను మోయించిరి. ఆ నడక సుఖముగ ముగిసినది. రెండవది మహాప్రస్థానము. అందును ముందుగా పడినది ద్రౌపదియే. భీముడు ఏల పడెనని యడిగెను. ధర్మరాజు కారణము చెప్పి, వెనుదిరిగి చూడక ముందునకు సాగెను. అది దేహమును విడుచుటకు పోవు నడక గనుక అట్లుండ వచ్చును. మన యాత్రలు ఇంటికి తిరిగివచ్చుటకు చేయునవి. మనకు గంధమాదనపు నడకయే ఆదర్శము గావలెను.

2024వ సంవత్సరపు శివరాత్రికి మేము మఱల ఆ దారినే నడచితిమి. మా వదినెయే రావలెనని పట్టుపట్టినది. నెల ముందునుండి మా డాబామెట్లు ఆమె యడుగులతో మ్రోగినవి; తరువాత తరువాత మ్రోగుట మానినవి, అదియే లెక్క. ఈమారు మావారు వేళల పట్టిక వ్రాయలేదు. గుంపులో అందఱికంటె మెల్లగా నడచువారు ముందుండవలెననియు, వారి నెవ్వరును దాటరాదనియు, గంటకొకమారు పదినిమిషములు కూర్చుండవలెననియు, ఎవరైన రెండుమారులు ఱాయి తట్టుకొన్నచో అడుగకయే గుంపంతయు నిలువవలెననియు నియమములు చేసికొంటిమి. ఈ నియమములు వ్రాసినవారు మావారే. ఆనాటి సంగతి ఆయన ఎన్నడును నోట ననలేదు గాని, బయలుదేఱునపుడు అక్కగారి మూటను తానే తీసికొని భుజమున వేసికొనిరి.

భీముని కొలను లోయ దిగునపుడు మా వదినె ముందు నడచినది. ఎడమచేత కఱ్ఱ, కుడిచేతికి పసుపుదారము. సగము దిగినపిమ్మట నిలిచి, వెనుదిరిగి, అందఱకు వినబడునట్లుగా “తమ్ముడూ, కొంచెము కూర్చుందాము” అనినది. తొమ్మండుగురము మెట్లపైననే కూర్చుంటిమి. మావారు నీళ్ళసీసా ముందు ఆమెకే అందించిరి. కైలాసద్వారము చేరునప్పటికి మేము పోయినమాటుకంటె రెండుగంటలు ముందుంటిమి.